కొత్త ఇల్లా, పదేళ్ల ఇల్లా? తేడా ఎక్కడ వస్తుంది

క్లుప్తంగా: కొత్త ఇంట్లో లోపాలు ఇంకా బయటపడి ఉండవు, బయటపడితే సరిచేయించే బాధ్యత కొన్నాళ్లపాటు బిల్డర్‌ది. అయిదు నుంచి పదిహేనేళ్ల ఇంట్లో లోపాలు చాలావరకు కంటికి కనిపిస్తాయి, కాకపోతే వాటి ఖర్చు కొన్నవాళ్లదే. ధరల్లో తేడా చూసి తొందరపడేముందు ఈ రెండింటికీ విలువ కట్టాలి. వయసుకన్నా ఎక్కువగా చూసుకోవాల్సినవి మూడు: ఎలాంటి నిబంధనలున్న కాలంలో కట్టారు, ఇంట్లో నీళ్లు ఎటు పోతున్నాయి, రాబోయే పదేళ్లలో ఏవేవి మార్చాల్సి వస్తుంది.

ఇల్లు కొనాలనుకున్న ఇంట్లో ఈ వాదన దాదాపు ఒకేలా నడుస్తుంది. ఒకరు కొత్తదే కావాలంటారు, ఎవరూ వాడని బాత్రూం, గీత పడని ఫ్లోరింగ్, వారంటీ కాగితాలు. ఇంకొకరు అదే డబ్బుకి ఎనిమిదేళ్ల ఇంట్లో ఇంకో గది ఎక్కువ వస్తోంది కదా అంటారు. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ చేతికొచ్చే రోజు ఇల్లు ఎలా ఉంటుందన్న దాని గురించే మాట్లాడుతున్నారు. లోన్ మాత్రం పదిహేనేళ్లో, ఇరవయ్యేళ్లో ఉంటుంది, ఆ కాలమంతా ఇల్లు మారుతూనే ఉంటుంది.

కొత్త ఇల్లు ఇంకా ఎండుతూనే ఉంటుంది

తాళాలు ఇచ్చిన రోజున ఇల్లు పూర్తయినట్టే కనిపిస్తుంది గానీ కాంక్రీటు లెక్క వేరు. డిజైన్‌లో రాసుకునే బలం 28వ రోజున పరీక్షించేది. ఆ తర్వాత కూడా సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడే పని నెలలు, ఏళ్లు నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. పైగా కలిపేటప్పుడు పోసే నీళ్లన్నీ సిమెంటు తాగేసేవి కావు. రసాయనికంగా అది పట్టుకునేది తన బరువులో నాలుగో వంతుకి కాస్త అటూ ఇటూ, పోసేది మాత్రం దాదాపు సగం దాకా ఉంటుంది, ఎందుకంటే అంతకన్నా బాగా తగ్గిస్తే కాంక్రీటు జారదు, చువ్వల సందుల్లోకి దిగదు. మిగిలిన నీళ్లు మెల్లగా బయటికి రావాల్సిందే. స్లాబు అంగుళం మందం ఎండడానికి సుమారు ఒక నెల అని ఫ్లోరింగ్ వేసేవాళ్లు మోటుగా ఒక లెక్క వేసుకుంటారు. దీనికి గోడల ప్లాస్టరింగు, టైల్స్ కింద పరిచిన మాలు కూడా కలుపుకుంటే ఒక మామూలు ఇంట్లోంచి వేల లీటర్ల నీరు గాల్లోకి పోవాలి.

నీళ్లు పోయే కొద్దీ కాంక్రీటు కుదించుకుంటుంది. 10 మీటర్ల పొడవుకి 5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, మిశ్రమాన్ని బట్టీ లోపలి ఇనుమును బట్టీ ఎక్కువ తక్కువలుంటాయి. కాల్చిన ఇటుక దీనికి రివర్స్: బట్టీలోంచి బయటికొచ్చాక గాల్లో తేమ పీల్చుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది. తగ్గే పిల్లర్ పక్కన పెరిగే గోడ ఉంటే ఆ రెండూ కలిసే చోట నిలువు గీత పడకపోతేనే ఆశ్చర్యపోవాలి. తలుపుల చెక్క కూడా ఆ గాలిలో తేమకు తగ్గట్టు ఉబ్బి, తగ్గి ఒక పద్ధతికి వస్తుంది. పునాది కింద మట్టి కూడా బరువుకి సర్దుకుంటుంది, ఇసుక నేలైతే చాలావరకు కట్టేటప్పుడే, బంకమట్టి అయితే ఏళ్లు పడుతుంది.

అంటే కొత్త ఇంటికి మొదటి ఏడాది, రెండేళ్లు ఒక పరీక్షా కాలం. యంత్రాల గురించి లెక్కలు కట్టే ఇంజినీర్లు దీన్ని స్నానపు తొట్టె ఆకారంలో ఉండే గీతతో చూపిస్తారు: కొత్తలో లోపాలు ఎక్కువగా బయటపడతాయి, తర్వాత చాలాకాలం తక్కువగా ఉంటాయి, చివర్లో అరుగుదల వల్ల మళ్లీ పెరుగుతాయి. సరిగ్గా బిగించని పైపు జాయింటు, వాటం తప్పిన బాత్రూం ఫ్లోరింగ్, వదులుగా వదిలేసిన స్విచ్‌బోర్డు వైరు, ఇవన్నీ ఆ గీతలో మొదటి దశలో పడేవే. కాస్త పాత ఇంటికి ఉన్న అసలు బలం ఇక్కడే. ఎనిమిదేళ్ల ఇల్లంటే ఎనిమిది వానాకాలాలు, ఎనిమిది ఎండాకాలాలు దాటి వచ్చింది, కారాల్సింది ఎక్కడో కారిపోయింది, కుంగాల్సింది కుంగింది. బాగుచేశారా, పైపైన కప్పేశారా అన్నది మాత్రం వెతికి చూసుకోవాలి.

గీతల్లో ఏది మామూలు, ఏది కాదు

కొత్త ఇంట్లోకి వెళ్లిన ఆర్నెల్లకి గోడ మీద వెంట్రుక మందం గీత కనిపిస్తే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ప్లాస్టరింగు మీద అటూ ఇటూ వలలాగా పడే సన్నగీతలు, పిల్లర్‌కీ గోడకీ మధ్య నిలువుగీత, 1 మిల్లీమీటర్ లోపు ఉండి కొన్ని నెలల తర్వాత పెరగకుండా ఆగిపోతే అవి ఎండడం వల్ల వచ్చినవే, మళ్లీ పెయింట్ వేసేటప్పుడు పోతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు సంగతి వేరు, ముఖ్యంగా అది ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే. పునాదిలో ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా కుంగుతోందని అది చెబుతుంది. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటిందంటే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాల్సిందే. తలుపు ఫ్రేములో ఇరుక్కోవడం, మూసిన తలుపు తనంతట తాను తెరుచుకోవడం కూడా ఈ జాబితాలోవే.

పాత ఇంటికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, కదలిక ఆగిందో లేదో తెలుస్తుంది. నాలుగేళ్ల కిందట పూడ్చిన పగులు మళ్లీ తెరుచుకోకపోతే ఆ కథ ముగిసినట్టే లెక్క. పూడ్చిన చోటే మళ్లీ గీత పడిందంటే కింద ఏదో ఇంకా కదులుతోంది.

పాత ఇంట్లో భయపడాల్సింది స్లాబు కింద గోధుమరంగు మరకలు, పెచ్చులూడటం. కాంక్రీటు క్షారగుణంతో ఉంటుంది, లోపలి ఇనుముని తుప్పు నుంచి కాపాడేది అదే. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది చువ్వ దాకా చేరి, అక్కడ తేమ కూడా ఉంటే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు రెట్లు, అంతకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే లోపల్నుంచి కాంక్రీటుని తన్నేస్తుంది. చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వ కాంక్రీటు అంచుకి తగలకుండా ఎడం ఉంచే చిన్న దిమ్మెలు) సరిగ్గా పెట్టి, కట్టేటప్పుడు కాంక్రీటు గట్టిపడేలా నీళ్లు బాగా పట్టించిన ఇంట్లో ఇది జరగడానికి దశాబ్దాలు పడుతుంది. సరిగ్గా పెట్టని ఇంట్లో పదేళ్లకే కనిపించొచ్చు. పదేళ్ల ఇంట్లో ఏ మూలా పెచ్చు లేదంటే కట్టినవాడు ఆ పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడన్నదానికి అదో మంచి సూచన, అలాంటి సూచన కొత్త ఇంట్లో దొరకదు.

కొత్తదనానికి కట్టే ధర

పక్కపక్కన ఉన్న రెండు ఇళ్లు, ఒకే విస్తీర్ణం, ఒకటి కొత్తది, ఇంకోటి ఎనిమిదేళ్లది. కొత్తదానికి ఎక్కువ చెబుతారు. ఈ ఎక్కువలో రెండు రకాల డబ్బు కలిసి ఉంటుంది. ఒకటి నిజంగా మిగిలి ఉన్న ఆయుష్షుకి: కొత్త పైపులు, కొత్త లిఫ్టు, కొత్త వాటర్‌ప్రూఫింగ్. రెండోది కొత్త అన్న పేరుకి: మోడల్ ఫ్లాటు, హోర్డింగులు, ఏజెంట్ కమిషన్, బిల్డర్ తెచ్చిన అప్పు మీద వడ్డీ, అతని లాభం. రెండో రకం డబ్బు కొన్న మర్నాటి నుంచే తిరిగి రాదు, ఎందుకంటే అమ్మే రోజుకి అది కొత్త ఇల్లు కాదు. జపాన్ చట్టంలోనైతే ఈ గీత మరీ ఖచ్చితంగా ఉంది: ఎవరూ కాపురం ఉండకుండా, పూర్తయి ఏడాది దాటకుండా ఉంటేనే దాన్ని కొత్త ఇల్లు అనాలి.

ఒక ఊహాలెక్క వేసుకుందాం. కొత్త ఇంటి ధర 100 అయితే అందులో భూమి 40, కట్టడం 45, మిగతా 15 పైన చెప్పిన ఖర్చులు, లాభం అనుకుందాం. పదేళ్లలో కట్టడం విలువ ఏడాదికి 2 శాతం లెక్కన తరిగితే 45 కాస్తా 36 అవుతుంది, ఆ 15 పోతుంది. పెరిగేది భూమి మాత్రమే. భూమి ధర రెట్టింపైతే 80 ప్లస్ 36, అంటే 116. ఇల్లు పెరిగిందని అందరూ అనుకుంటారు గానీ నిజానికి పెరిగింది దాని కింద నేల. అదే ఇంటిని ఎనిమిదో ఏడు కొన్నవాళ్లు ఆ 15 కట్టలేదు, తరుగుదలలో పెద్ద భాగం మొదటి ఓనర్ మోసేశాడు. అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క తీరు మాత్రం మారదు.

అందుకే ఫ్లాట్ల విషయంలో ఒక్కో ఫ్లాటుకి వచ్చే భూమి వాటా చూడాలి. పది ఫ్లాట్లున్న మూడంతస్తుల పాత బిల్డింగులో ఒక్కొక్కరికి వచ్చే నేల, రెండొందల ఫ్లాట్ల కొత్త టవర్‌లో వచ్చేదానికన్నా మామూలుగా ఎక్కువ. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ తరిగే వస్తువులు, పైగా నెలనెలా ఖర్చు పెట్టించేవి.

కొత్త ప్రాజెక్టులో కొని మూడు నాలుగేళ్లకే అమ్మాలనుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. అదే కాంపౌండులో బిల్డర్ రెండో దశ, మూడో దశ ఫ్లాట్లు ఇంకా అమ్ముతూనే ఉంటాడు, ఆఫర్లిస్తాడు, వాయిదాలిస్తాడు. వాడిన ఫ్లాటు పట్టుకుని అతనితో పోటీపడాలి. ఉద్యోగం ఎప్పుడు ఎక్కడికి మారుతుందో తెలియనివాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

చూడని ఇంటికి డబ్బు కట్టడం

కొత్త ఇళ్లలో చాలాభాగం కట్టక ముందే అమ్ముడవుతాయి. అప్పుడు కొనేది బొమ్మని, మోడల్ ఫ్లాటుని. మోడల్ ఫ్లాటుని ఒకసారి నిదానంగా చూస్తే తమాషాగా ఉంటుంది: గదుల మధ్య తలుపులు ఉండవు, ఎందుకంటే తలుపు తెరిస్తే ఎంత చోటు పోతుందో తెలిసిపోతుంది, గోడ నిండా అద్దం ఉంటుంది, మంచం మామూలు మంచంకన్నా పొట్టిగా ఉంటుంది, బీరువా అన్న వస్తువే కనబడదు. టేపు తీసుకెళ్లి మంచం కొలిచేవాళ్లు తక్కువ, కొలిస్తే పోయేదేమీ లేదు.

ఆలస్యం అన్నది ఇంకో ఖర్చు. ఇల్లు ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాదంతా ఒక పక్క అద్దె, ఇంకో పక్క వడ్డీ. ఆగిపోవడం అంతకన్నా పెద్దది. చైనాలో 2021లో ఎవర్‌గ్రాండ్ అనే భారీ నిర్మాణ సంస్థ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, మరికొన్ని సంస్థలూ అదే దారి పట్టాయి. 2022లో చాలా నగరాల్లో కొనుగోలుదారులు సగంలో ఆగిన ఇళ్ల మీద ఈఎంఐలు కట్టబోమని ఎదురుతిరిగారు. కట్టి, కరెంటు నీళ్లు వచ్చి, మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి ఈ రిస్కు సున్నా. కొత్తదే కావాలి గానీ ఈ తలనొప్పి వద్దనుకుంటే పూర్తయి అమ్ముడుపోకుండా ఉన్నవాటిని చూడటం మధ్యేమార్గం, ధర కొంచెం ఎక్కువైనా.

వారంటీ ఎంతవరకు పనికొస్తుంది

కొత్త ఇంటివైపు ఉన్న గట్టి వాదన ఇదే. ఫ్రాన్స్‌లో 1978 నాటి చట్టం ప్రకారం కట్టడానికి ముప్పు తెచ్చే లోపాలకు కట్టినవాళ్లది 10 ఏళ్ల బాధ్యత, దానికి ముందే బీమా చేయించాలి. బ్రిటన్‌లో మామూలుగా 10 ఏళ్ల వారంటీ ఇస్తారు, అందులో మొదటి రెండేళ్లు బిల్డరే వచ్చి సరిచేయాలి, ఆ తర్వాత పెద్ద నిర్మాణ లోపాలకే వర్తిస్తుంది. భారతదేశంలో 2016 రేరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లని గడువు పెట్టింది. మొదటి రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి: కారే కుళాయికీ, ఊడే పెయింట్‌కీ అంతకాలం ఎవరూ పూచీ పడరు, పునాదికీ కట్టడానికీ పడతారు. రేరా మాత్రం కట్టడం లోపాలతో పాటు పనితనం, నాణ్యత లోపాలను కూడా ఆ అయిదేళ్లలో కలిపింది.

అయితే వారంటీ విలువ ఇచ్చినవాడు నిలబడినంత వరకే. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో కంపెనీ పెట్టి, పని అయిపోగానే మూసేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. వెనక బీమా కంపెనీ ఉన్న వారంటీ, బిల్డర్ మాటమీద నడిచే వారంటీ ఒకటి కాదు. ఇంకో సంగతి, గడువు మధ్యలో ఇల్లు కొన్నవాళ్లకి మిగిలిన గడువు దక్కుతుందా అన్నది కాగితం చూసి తేల్చుకోవాలి. మూడేళ్ల ఇంటికి ఇంకా రెండేళ్లో, ఏడేళ్లో వారంటీ మిగిలి ఉంటే కొత్త ఇంటి మేలు, పాత ఇంటి మేలు రెండూ కొంత కొంత దొరుకుతాయి, ఆ వయసు ఇళ్లు తక్కువగా అమ్మకానికి వస్తాయి కాబట్టి వచ్చినప్పుడు ఎందుకు అమ్ముతున్నారో గట్టిగా కనుక్కోవాలి.

గడువు తర్వాతే బయటపడే లోపాలు కూడా ఉంటాయి. న్యూజిలాండ్‌లో 1990ల నుంచి 2000ల మొదటి ఏళ్ల దాకా కట్టిన వేల ఇళ్లలో గోడల్లోకి నీళ్లు దిగి లోపలి కలప కుళ్లిపోయింది. చూరు లేకుండా నున్నగా కనిపించే గోడలు, శుద్ధి చేయని కలప, నీళ్లు దిగితే బయటికి పోయే దారి లేకపోవడం, అన్నీ కలిశాయి. బయటికి ఇల్లు బాగానే ఉండేది. కొందరికి తెలిసేసరికి దావా వేయడానికి ఉన్న పదేళ్ల గడువు దాటిపోయింది.

ఏ కాలంలో కట్టారు అన్న ప్రశ్న

ఇల్లు ఎన్నేళ్లది అని అడగడం అలవాటు, ఏ సంవత్సరం కట్టారని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. జపాన్‌లో 1981 జూన్‌లో భూకంప నిబంధనలు కఠినం చేశారు. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చినప్పుడు కూలిన ఇళ్లలో పెద్ద భాగం అంతకుముందు కట్టినవి. ఆ రోజుకి 1980లో కట్టిన ఇంటికి 15 ఏళ్లు, 1983లో కట్టినదానికి 12. వయసులో తేడా మూడేళ్లే, నిబంధనలు మాత్రం పూర్తిగా వేరు. అందుకని కొనబోయే ఊళ్లో భూకంపం, అగ్నిప్రమాదం, కరెంటు వైరింగు నిబంధనలు చివరిసారి ఎప్పుడు మారాయో తెలుసుకుని, ఇంటి ప్లాను మంజూరైన తేదీతో పోల్చాలి. పూర్తయిన తేదీ చూస్తే మోసపోవచ్చు, ఎందుకంటే పాత నిబంధనల కింద మంజూరై తర్వాత పూర్తయిన ఇళ్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి.

ఇది కొత్తవాటికీ వర్తిస్తుంది. రియల్ ఎస్టేట్ ఊపు మీదున్న రోజుల్లో మేస్త్రీలు దొరకరు, గడువులు నెత్తిమీదుంటాయి, నీళ్లు పట్టాల్సిన రోజులు తగ్గిపోతాయి. సిడ్నీలో 36 అంతస్తుల ఓపల్ టవర్ 2018లోనే పూర్తయింది, అదే ఏడాది డిసెంబర్ 24న లోపల పెద్ద శబ్దం వచ్చి కాంక్రీటు పగిలింది, జనాన్ని ఖాళీ చేయించారు. విచారణలో డిజైన్‌లోనూ కట్టడంలోనూ లోపాలు తేలాయి. పాతకాలం ఇళ్లు గట్టివి అనే మాట దీనికి ఇంకో చివర. గట్టిగా లేనివి ఈపాటికే కూలిపోయాయి లేదా కూలగొట్టారు, మిగిలినవి చూసి అన్నీ అలాగే ఉండేవనుకుంటాం.

పదో ఏడు దగ్గర పడే ఖర్చులు

కాస్త పాత ఇంటి బలహీనత అంతా ఇక్కడుంది. ఇంట్లో వస్తువులన్నీ ఒకే రోజు బిగించారు కాబట్టి ఇంచుమించు ఒకే కాలంలో పోతాయి. ట్యాంకు ఉన్న గీజరు 8 నుంచి 12 ఏళ్లు, ఏసీ 10 నుంచి 15, బయటి పెయింటు 5 నుంచి 10, టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ వాడిన సరుకును బట్టి 10 నుంచి 20, లిఫ్టు 20 నుంచి 25. కుళాయిల లోపలి భాగాలు, కిటికీల చుట్టూ పూసిన సీలెంటు, బాత్రూం టైల్స్ మధ్య గ్రౌటు అంతకన్నా ముందే. ఈ అంకెలు వాడకాన్ని బట్టి మారతాయి, ఉప్పునీరు వస్తే గీజరు చాలా ముందే పోతుంది. అయినా పదకొండేళ్ల ఇల్లు కొన్నవాళ్లు మొదటి మూడేళ్లలో వీటిలో నాలుగైదు మార్చడానికి సిద్ధపడాలి.

పదకొండేళ్ల ఇంటికన్నా పద్దెనిమిదేళ్ల ఇల్లు ఒక్కోసారి ఖర్చు తక్కువ పెట్టిస్తుంది, ఎందుకంటే పాత ఓనర్ అప్పటికే టెర్రస్ చేయించి, బాత్రూములు పగలగొట్టి కట్టించి ఉంటాడు. బిల్లులు చూపించగలిగితే అది నోటిమాట కాదని తెలుస్తుంది.

ఫ్లాట్లలో ఈ ఖర్చు సొంత గోడల దగ్గర ఆగదు. కొత్త కాంప్లెక్సులో మెయింటెనెన్సు మొదట్లో తక్కువ చెబుతారు, అమ్ముడుపోవాలి కదా. అన్నీ కొత్తవే కాబట్టి రెండు మూడేళ్లు ఆ డబ్బు సరిపోతుంది కూడా. లిఫ్టు మోటారు, ట్యాంకులు, బయటి పెయింటు వరసగా వచ్చినప్పుడు నెలసరి పెంచుతారు, లేదంటే ఒక్కొక్కరి దగ్గర ఒకేసారి పెద్దమొత్తం అడుగుతారు. పాత కాంప్లెక్సులో కనీసం లెక్కలున్నాయి. కార్పస్ ఫండ్‌లో (పెద్ద ఖర్చులకని అందరూ కలిసి పోగేసిన నిధిలో) ఎంతుంది, గత మూడేళ్లలో దేనికి ఖర్చు పెట్టారు, ఎంతమంది మెయింటెనెన్సు ఎగ్గొడుతున్నారు, ఈ మూడూ అసోసియేషన్‌ని అడిగితే బిల్డింగు ఆరోగ్యం సగం తెలుస్తుంది. ఫండ్ ఖాళీగా ఉండి టెర్రస్ పని వాయిదాల మీద వాయిదా పడుతుంటే, ఆ ఫ్లాటు ధరలో కనిపించే తగ్గింపు ఆ పనికి రాబోయే వాటాలోకే పోతుంది.

గాలి, వేడి, కరెంటు బిల్లు

ఈ విషయంలో కొత్త ఇళ్లది పైచేయి. 1973 చమురు సంక్షోభం తర్వాత చాలా దేశాలు ఇళ్ల వేడి, చల్లదనం బయటికి పోకుండా నిబంధనలు పెట్టడం, ఆ తర్వాత వాటిని దఫదఫాలుగా బిగించడం మొదలుపెట్టాయి. గోడల్లో ఇన్సులేషన్, రెండు పొరల అద్దాలు, సందుల్లేని కిటికీలు వచ్చాయి. అయిదారేళ్ల తేడాకి ఇది పెద్దగా తెలియదు, పదిహేనేళ్ల తేడాకి బిల్లులో తెలుస్తుంది.

సందులు మూసేసిన ఇంటికి గాలి ఎలా వస్తుందన్నది మాత్రం చూసుకోవాలి. కొత్త ఇంటి వాసన అని ముచ్చటగా చెప్పుకునేదానిలో కొంత ఫార్మాల్డిహైడ్ అనే వాయువు, అది పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ లాంటి చెక్కపొడి పలకల్లో వాడే జిగురులోంచి వచ్చేది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలోకి దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. మొదటి నెలల్లో ఎక్కువగా వస్తుంది, వేడి, తేమ ఉంటే ఇంకా ఎక్కువ, తర్వాత ఏడాది రెండేళ్లలో బాగా తగ్గుతుంది. కిటికీలు తెరిచి పెట్టడం, కప్‌బోర్డులు చేయించాక కొన్ని వారాలు ఆగి కాపురం పెట్టడం పనిచేస్తాయి. చంటిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో మూడు నాలుగేళ్ల కిందటి కప్‌బోర్డులతో దొరికే ఇల్లు ఈ విషయంలో నిమ్మళం. అయితే ఆ కప్‌బోర్డుల వెనక బూజు ఉందేమో వంగి చూడాలి.

ఇంకొకటి, శబ్దం. కొత్త కాంప్లెక్సులో మొదట చేరినవాళ్లు పైనా, పక్కనా ఇంటీరియర్ పనుల డ్రిల్లింగ్ ఏడాది రెండేళ్లు వింటారు. ఇది ఏ బ్రోషరులోనూ ఉండదు.

చూడటానికి వెళ్లినప్పుడు

కొత్తదైనా పాతదైనా వెతకాల్సింది నీళ్లనే. ఇళ్లలో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం నీళ్లు పోవాల్సిన చోటికి పోకుండా, పోకూడని చోటికి పోవడం వల్లే. బాత్రూంలో బకెట్ నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించి చూడాలి, జాలీ వైపు పరిగెత్తాలి. మూలలో మడుగు కట్టి నిలబడితే వాటం తప్పింది, దాన్ని సరిచేయాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. కొత్త ఇంట్లోనైతే జాలీ మూసి నేల మునిగేలా నీళ్లు నింపి 24 గంటలు వదిలేయమనాలి, మర్నాడు కింది అంతస్తు సీలింగు చూడాలి. వద్దనే బిల్డర్ ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించాలి. టైల్స్ మీద నాణెంతో తట్టుకుంటూ పోతే కొన్నిచోట్ల బోలుగా మోగుతుంది, ఒకటి రెండైతే పర్వాలేదు, గది సగం మోగితే కింద మాలు నిండలేదు.

పాత ఇంట్లో అనుమానించాల్సింది కొత్తగా కనిపించే చోటుని. ఇల్లంతా పాత పెయింటు ఉండి ఒక్క గోడకే తాజాగా వేశారంటే ఆ గోడకి అవతల ఏముందో చూడాలి, చాలాసార్లు అది బాత్రూం. బెడ్రూంలో బీరువా జరపమని అడగడం మొహమాటంగా ఉంటుంది గానీ అడగాలి. గోడ కింద అడుగు ఎత్తున తెల్లగా ఉప్పు పూసిందంటే నేలలోంచి చెమ్మ ఎక్కుతోంది, పైన పుట్టీ ఎన్నిసార్లు పెట్టినా అది ఆగదు. చెమ్మ పైనుంచి వస్తే టెర్రస్‌దో, పై ఫ్లాటుదో, దాన్ని బాగుచేయడం సులువే, పై ఫ్లాటువాళ్లు ఒప్పుకుంటే.

రెండోసారి వెళ్లేది వాన పడిన మర్నాడు అయితే మంచిది. మొదటిసారి ఓనర్ దగ్గరుండి చూపించాడు కాబట్టి, ఈసారి వాచ్‌మన్‌నీ, కింది ఫ్లాటువాళ్లనీ రెండు మాటలు కదిలిస్తే నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, లిఫ్టు నెలకి ఎన్నిసార్లు ఆగుతుందో చెబుతారు. కొత్త ప్రాజెక్టులో ఇలా అడగడానికి మనుషులు ఉండరు, అప్పుడు అదే బిల్డర్ అయిదేళ్ల కిందట కట్టిన ఇంకో బిల్డింగుకి వెళ్లి అడగాలి. ఆ బిల్డింగు ఇవాళ ఎలా ఉందో, కొనబోయేది అయిదేళ్లకి ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆ అయిదేళ్ల బిల్డింగులోనే ఒక ఫ్లాటు అమ్మకానికి ఉందేమో కూడా పనిలో పనిగా కనుక్కుంటే, రెండు ధరలూ పక్కపక్కన పెట్టి బేరం మాట్లాడొచ్చు.